అత్తగారి సూట్‌కేసులో డెటాల్ సీసా: యాంటీసెప్టిక్ అంటే ఏమిటి, ఎప్పుడు వాడాలి?

మా అమ్మాయి పుట్టినప్పుడు పురిటికి సాయంగా మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. ఆవిడ సూట్‌కేసు విప్పితే ఆవకాయ, కారప్పొడి, శొంఠి, సాంబ్రాణి, వాటి మధ్యలో పాత చీరలో భద్రంగా చుట్టిన డెటాల్ సీసా. "ఇక్కడ దొరుకుతుందో లేదోనని తెచ్చాను బాబూ. పిల్లకి నీళ్ళు పోసేటప్పుడు ఒక మూత వెయ్యాలి, బొడ్డు దగ్గర కాస్త దూదితో అద్దాలి" అన్నారు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించేటప్పుడు నర్సు చెప్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. "బొడ్డుకి ఏమీ రాయకండి. పొడిగా ఉంచితే చాలు, దానంతట అదే ఊడిపోతుంది."

ఆ సంగతి చెప్తే అత్తగారు కాస్త నొచ్చుకున్నారు. "మీ ఆవిడకీ ఇలాగే చేశాను. ఏమైంది? బాగానే ఉందిగా!" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇద్దరూ పిల్ల మంచి కోరే చెప్తున్నారు, కానీ ఇద్దరి మాటా ఒకేసారి వినడం కుదరదు. నేను డాక్టర్ని కాను, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఇంజనీర్ని. తెలియని విషయం ఎదురైతే చదివి తెలుసుకోవడం ఒక్కటే నాకు తెలిసిన దారి. అలా చదివినవి, మా పిల్లల డాక్టర్ని అడిగి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి సీసా ఒకటి ఉండే ఉంటుంది.

మాటకి అర్థం

మన ఊళ్ళలో పుండు ముదిరి చీము పడితే "సెప్టిక్ అయింది" అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకి మూలార్థం కుళ్ళడం. దానికి ముందు "యాంటీ" చేరిస్తే కుళ్ళకుండా ఆపేది అని అర్థం. 18వ శతాబ్దంలో బ్రిటిష్ సైనిక వైద్యుడు జాన్ ప్రింగిల్ ఈ మాటని వైద్యంలో ప్రచారంలోకి తెచ్చాడు. అప్పటికి సూక్ష్మజీవుల వల్ల జబ్బులు వస్తాయన్న సంగతి ఎవరికీ తెలియదు. మాంసం కుళ్ళకుండా ఏ పదార్థాలు ఆపుతాయో చూసి వాటికి ఆ పేరు పెట్టారు.

ఈ రోజుల్లో యాంటీసెప్టిక్ అంటే బతికి ఉన్న శరీరం మీద, అంటే చర్మం మీద, గాయం చుట్టూ, నోట్లో, సూక్ష్మజీవుల్ని చంపడానికో పెరగకుండా ఆపడానికో పూసే మందు. దీనితో కలగాపులగం అయ్యే మాటలు మరి రెండున్నాయి.

మొదటిది డిసిన్‌ఫెక్టెంట్. ఇది ప్రాణం లేని వస్తువుల కోసం: నేల, బల్ల, మరుగుదొడ్డి. మన ఇళ్ళలో బకెట్లో వేసే ఫినాయిల్, ఇక్కడ వాడే బ్లీచ్ ఈ జాతివి. ఒకే రసాయనం పాళ్ళు మార్చి రెండు పనులకీ వాడటం ఉంది గాని, నేలకి వాడేది ఒంటికి వాడకూడదు.

రెండోది యాంటీబయాటిక్. ఇది శరీరం లోపలికి వెళ్ళి, మన కణాల్ని వదిలి బాక్టీరియాని మాత్రం ఎంచుకుని దెబ్బ కొడుతుంది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకి నాయకత్వం వహించిన రోజుల్లో, 1948లో అక్కడి నుంచి వెలువడిన ఆరియోమైసిన్ ఈ జాతిది. యాంటీసెప్టిక్‌కి ఇంత విచక్షణ లేదు. ఎదురుపడిన కణాన్నల్లా కొడుతుంది, అది బాక్టీరియాదైనా మనదైనా. అందుకే దాన్ని మింగకూడదు, ఇంజెక్షన్‌గా ఇవ్వకూడదు. లోతైన గాయంలో పదే పదే పోయకూడదు అనడానికి కారణం కూడా ఇదే.

ఎలా పనిచేస్తాయి?

ఆల్కహాల్ సూక్ష్మజీవి పైపొరని కరిగించి, లోపలి ప్రోటీన్ల ఆకారాన్ని చెడగొడుతుంది. గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుందే, అలాంటి మార్పు అన్నమాట. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. నూటికి నూరు పాళ్ళ ఆల్కహాల్ కన్నా 70 పాళ్ళ ఆల్కహాలే బాగా పనిచేస్తుంది. ప్రోటీన్లు చెడటానికి నీరు కావాలి. పైగా శుద్ధ ఆల్కహాల్ పని పూర్తికాకుండానే ఆవిరైపోతుంది.

అయోడిన్ సూక్ష్మజీవుల ప్రోటీన్లతో నేరుగా రసాయనిక చర్య జరుపుతుంది. క్లోర్‌హెక్సిడిన్, డెటాల్‌లో ఉండే క్లోరోజైలినాల్ కణం పైపొరకి చిల్లులు పెడతాయి. క్లోర్‌హెక్సిడిన్ చర్మానికి అంటుకుని కొన్ని గంటలు పనిచేస్తూనే ఉంటుంది కనుక ఆపరేషన్ గదుల్లో దానికి గిరాకీ ఎక్కువ.

ఇవేవీ సర్వరోగ నివారిణులు కావు. చేతికి రాసుకునే ఆల్కహాల్ జెల్ నోరోవైరస్ మీద అంత బాగా పనిచెయ్యదు. క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా బీజాల్ని అసలు చంపలేదు. అక్కడ సబ్బూ నీళ్ళే గతి.

చేతులు కడుక్కోమన్నందుకు

యాంటీసెప్టిక్ చరిత్ర నిజానికి చేతులు కడుక్కోవడంతో మొదలవుతుంది. 1843లో బోస్టన్ వైద్యుడు ఆలివర్ వెండెల్ హోమ్స్, బాలింతలకి వచ్చే ప్రాణాంతకమైన జ్వరాన్ని డాక్టర్లే ఒకరి నుంచి ఇంకొకరికి మోసుకెళ్తున్నారని రాశాడు. పెద్ద డాక్టర్లు కొందరు మండిపడ్డారు. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ శవపరీక్షలు చేసి నేరుగా పురిటి గదికి వచ్చే డాక్టర్ల చేత క్లోరిన్ కలిపిన సున్నపు ద్రావణంతో చేతులు కడిగించాడు. ఆ ఏప్రిల్‌లో వార్డులో బాలింతల మరణాలు నూటికి 18. జూన్ నాటికి సుమారు 2. అంత చేసినా అతని మాట చాలామంది నమ్మలేదు.

1865 ఆగస్టులో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ దగ్గరికి, బండి చక్రం కింద పడి కాలు విరిగిన 11 ఏళ్ళ కుర్రాణ్ణి తెచ్చారు. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. అలాంటి గాయానికి ఆ రోజుల్లో సాధారణంగా కాలు తీసేసేవారు. లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్టు కట్టాడు. చీము పట్టలేదు, కాలు నిలిచింది. 1867లో లిస్టర్ తన పద్ధతిని లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు.

1876లో లిస్టర్ స్వయంగా ఫిలడెల్ఫియా వచ్చి ఇక్కడి డాక్టర్లకి ఈ విధానం వివరించాడు. చాలామంది పెడచెవిన పెట్టారు. దానికి దేశం కట్టిన మూల్యం ఏమిటో అయిదేళ్ళలో తేలింది. 1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. తూటా తగిలిన చోట పెద్ద రక్తనాళాలకి గాని, వెన్నుపాముకి గాని దెబ్బ తగలలేదు. కానీ దాన్ని వెతకడానికి డాక్టర్లు కడగని వేళ్ళు, కడగని సాధనాలు పదే పదే గాయంలో పెట్టారు. ఒళ్ళంతా చీము పట్టి, సెప్టెంబరు 19న న్యూజెర్సీలోని ఎల్బరాన్‌లో ఆయన చనిపోయారు. తూటా కన్నా ఇన్‌ఫెక్షనే ఆయన్ని చంపిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

ఫిలడెల్ఫియాలో లిస్టర్ మాట చెవికెక్కించుకున్నవాళ్ళలో ఒకడు రాబర్ట్ వుడ్ జాన్సన్. 1886లో అన్నదమ్ములతో కలిసి న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో శుభ్రమైన కట్టుగుడ్డలు తయారుచేసే కంపెనీ పెట్టాడు. ఎడిసన్‌లో ఉండే మన తెలుగువాళ్ళు రోజూ దాటిపోయే ఊరే అది. ఆ కంపెనీయే జాన్సన్ అండ్ జాన్సన్. 1879లో సెయింట్ లూయిస్‌లో పుట్టిన లిస్టరిన్‌కి పేరు వచ్చింది కూడా లిస్టర్ నుంచే.

మన అలమరలో సీసాలు

ఇప్పుడు మన ఇళ్ళలో కనిపించేవి ఒక్కొక్కటే చూద్దాం.

డెటాల్: 1930ల తొలినాళ్ళలో బ్రిటన్‌లో వచ్చింది. మన దేశంలో అమ్మే ద్రవంలో 4.8 శాతం క్లోరోజైలినాల్ ఉంటుంది. నీళ్ళలో పోస్తే తెల్లగా పాలలా మారడానికి కారణం అందులోని నూనెలు సన్నని బొట్లుగా విడిపోవడం. ఆ తెలుపు చూసి "బాగా పనిచేస్తోంది" అనుకోవద్దు. నీళ్ళు కలపకుండా రాస్తే చర్మం మండుతుంది. అమెరికన్ ఫార్మసీల్లో ఇది సాధారణంగా కనిపించదు, ఇండియన్ స్టోర్స్‌లో చూస్తుంటాం. అదే కంపెనీ ఇక్కడ అమ్మే లైసాల్‌ని డెటాల్‌కి బదులుగా అనుకుని ఒంటికి వాడకండి. అది బల్లలకీ తలుపు పిడులకీ వాడేది.

సావ్లాన్: మన దగ్గర దొరికే ద్రవంలో క్లోర్‌హెక్సిడిన్, సెట్రిమైడ్ ఉంటాయి. ఇక్కడ క్లోర్‌హెక్సిడిన్ హిబిక్లెన్స్ వంటి పేర్లతో దొరుకుతుంది. ఆపరేషన్‌కి ముందు దీనితో స్నానం చేసి రమ్మంటారు. కళ్ళలోకి, చెవి లోపలికి పోనివ్వకూడదు. అరుదుగానైనా తీవ్రమైన ఎలర్జీ వస్తోందని 2017లో ఎఫ్.డి.ఏ. హెచ్చరించింది.

టింక్చర్ అయోడిన్, బెటడైన్: చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే ఇంటిల్లిపాదీ పట్టుకుని రాసిన టింక్చర్ మంట ఎవరు మరిచిపోతారు? ఆ మంటలో సగం పాపం అందులోని ఆల్కహాల్‌ది. 1955లో వచ్చిన పోవిడోన్ అయోడిన్ అయోడిన్‌ని కొద్దికొద్దిగా వదులుతుంది కనుక మంట తక్కువ. బెటడైన్ అదే. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడిగి వాడాలి. పసిపిల్లలకి సొంతంగా రాయకూడదు.

ఎర్ర మందు: అదే మెర్క్యురోక్రోమ్. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో పుట్టి ప్రపంచమంతా తిరిగింది. ఇందులో పాదరసం ఉంది. 1998లో ఎఫ్.డి.ఏ. దీన్ని సురక్షితమైన మందుల జాబితాలోంచి తప్పించడంతో అమెరికాలో అమ్మకం దాదాపు ఆగిపోయింది. గాయం ఎర్రబడిందో లేదో కనబడకుండా రంగు కప్పేయడం దీనికున్న ఇంకో లోపం.

హైడ్రోజన్ పెరాక్సైడ్: గాయం మీద పోస్తే బుసబుస పొంగుతుంది. ఆ నురగ క్రిములు చస్తున్న గుర్తు కాదు. మన రక్తంలోనూ కణాల్లోనూ ఉండే కెటలేస్ అనే ఎంజైము దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. కొత్తగా పుట్టే కణాల్ని కూడా దెబ్బతీస్తుంది కనుక రోజూ గాయం మీద పొయ్యవద్దంటున్నారు డాక్టర్లు.

ఆల్కహాల్: ఇంజెక్షన్‌కి ముందు చర్మం మీద తుడవడానికి, సబ్బూ నీళ్ళూ లేనప్పుడు చేతులకి మంచిది. చేతుల జెల్‌లో కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉండాలని సి.డి.సి. సలహా. 2020లో కరోనా హడావిడిలో మిథనాల్ అనే విషం కలిసిన జెల్‌లు బజారులోకి వచ్చి, ఎఫ్.డి.ఏ. వరసగా హెచ్చరికలు చెయ్యాల్సి వచ్చింది. తెరిచిన గాయంలో ఆల్కహాల్ పొయ్యకండి.

బోరిక్ పౌడర్: క్యారమ్ బోర్డు మీద చల్లుకున్న పొడి! ఒకప్పుడు పసిపిల్లల ఒరుపులకి కూడా చల్లేవారు. చర్మం ఒరుసుకుపోయిన చోట లోపలికి ఇంకి పిల్లల ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. ఇక్కడ ఇది బొద్దింకల మందుగా దొరుకుతుంది. పిల్లల దరిదాపుల్లో ఉంచకండి.

పసుపు: మనకి తొలి యాంటీసెప్టిక్ ఇదే. 1995లో, పసుపుతో గాయాలు మాన్పడం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి అమెరికన్ పేటెంట్ వచ్చింది. కనిపెట్టినవాళ్ళుగా పేరున్న ఇద్దరూ భారత సంతతివాళ్ళే! మషేల్కర్ నాయకత్వంలోని సి.ఎస్.ఐ.ఆర్. 1996లో సవాలు చేసింది. పాత గ్రంథాలు, 1953 నాటి భారతీయ వైద్య పత్రిక వ్యాసంతో సహా 32 ఆధారాలు చూపించగా, 1997లో పేటెంట్ ఆఫీసు ఆ హక్కుల్ని తోసిపుచ్చింది. మనందరం పొంగిపోయాం. కానీ ఒక సూక్ష్మం గమనించాలి. పేటెంట్ పోయింది అది కొత్త సంగతి కాదని, అంతేగాని పసుపు గాయాన్ని మాన్పుతుందని పేటెంట్ ఆఫీసు సర్టిఫికెట్ ఇవ్వలేదు. పసుపులోని కర్కుమిన్‌కి ప్రయోగశాలలో బాక్టీరియాని ఆపే గుణం కనిపించిన మాట నిజమే. అయితే పోపుల డబ్బాలో పసుపు సూక్ష్మజీవులు లేని పదార్థం కాదు. 2016లో సీసం అనే లోహం ఎక్కువగా ఉందని కొన్ని బ్రాండ్ల పసుపు పొడిని అమెరికాలో బజారు నుంచి వెనక్కి తీసుకున్నారు కూడా. కూరలో వెయ్యండి, తెరిచిన గాయంలో వద్దు.

యాంటీబాక్టీరియల్ సబ్బు అవసరమా?

ఒకప్పుడు ఇక్కడ ఏ సబ్బు మీద చూసినా యాంటీబాక్టీరియల్ అని ఉండేది. అవి మామూలు సబ్బు కన్నా మేలని ఋజువు చూపించమని ఎఫ్.డి.ఏ. కంపెనీల్ని అడిగింది. సరైన ఋజువు రాలేదు. 2016 సెప్టెంబరులో ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బాన్‌తో సహా 19 రసాయనాల్ని ఇళ్ళలో వాడే సబ్బుల్లో కలపకూడదని తేల్చింది. డెటాల్‌లోని క్లోరోజైలినాల్‌తో సహా మూడింటి మీద మరింత సమాచారం కోసం నిర్ణయం వాయిదా వేసింది. ఆరోగ్యవంతులున్న ఇంట్లో మామూలు సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడుక్కుంటే చాలు.

ఆస్పత్రిలో లెక్క వేరు. అక్కడ ఏ యాంటీసెప్టిక్ వాడారన్నది నిజంగా తేడా తెస్తుంది. 2010లో వెలువడిన ఒక పరిశోధనలో 6 అమెరికన్ ఆస్పత్రుల్లో 849 మంది రోగుల్ని చూశారు. ఆపరేషన్‌కి ముందు చర్మానికి క్లోర్‌హెక్సిడిన్, ఆల్కహాల్ కలిపి పూసినవాళ్ళలో 9.5 శాతం మందికి, పోవిడోన్ అయోడిన్ పూసినవాళ్ళలో 16.1 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది.

చిన్న గాయమైతే ఏం చెయ్యాలి?

ముందు మీ చేతులు కడుక్కోండి. శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టి రక్తం ఆపండి. కుళాయి నీళ్ళ ధార కింద గాయాన్ని బాగా కడగండి, చుట్టూ సబ్బు వాడండి. మట్టి, ఇసుక ఉంటే తీసెయ్యండి. పల్చగా వాజలీన్ రాసి కట్టు కట్టండి, రోజూ కట్టు మార్చండి. గాయం గాలికి ఆరాలనేది పాత నమ్మకం, తేమగా ఉన్న గాయమే త్వరగా మానుతుంది.

లోతైన గాయం, జంతువు కాటు, ఆగని రక్తం, పెరుగుతున్న ఎర్రదనం, చీము, జ్వరం: వీటిలో ఏది ఉన్నా అలమరలో సీసా వెతక్కుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. టెటనస్ ఇంజెక్షన్ పెద్దవాళ్ళు 10 ఏళ్ళకోసారి తీసుకోవాలి. మురికి గాయమైతే, చివరిది తీసుకుని 5 ఏళ్ళు దాటితే మళ్ళీ తీసుకోవాలి. ఏ యాంటీసెప్టికూ టెటనస్ ఇంజెక్షన్‌కి బదులు కాదు.

ఇంకో మాట. యాంటీసెప్టిక్ సీసాలోనే సూక్ష్మజీవులు బతికి రోగులకి సోకిన సంఘటనలున్నాయి. అందుకే ఆపరేషన్‌కి ముందు పూసే మందుల్ని ఒక్కసారి వాడి పారేసే పొట్లాల్లో అమ్మమని 2013లో ఎఫ్.డి.ఏ. కోరింది. ఇంట్లోనూ నీళ్ళు కలిపిన డెటాల్‌ని దాచిపెట్టి మర్నాడు వాడకండి.

ఇంతకీ బొడ్డు సంగతి

ఇద్దరిలో ఎవరిది ఒప్పు? 2006లో లాన్సెట్‌లో నేపాల్‌లోని సర్లాహి జిల్లా నుంచి ఒక పరిశోధన వచ్చింది. అక్కడ ఎక్కువ కాన్పులు ఇళ్ళలోనే. పుట్టిన పిల్లల బొడ్డుకి క్లోర్‌హెక్సిడిన్ రాస్తే మరణాలు 24 శాతం తగ్గాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, శిశుమరణాలు ఎక్కువగా ఉన్న చోట ఇంట్లో జరిగే కాన్పులకి ఈ పద్ధతిని సిఫారసు చేసింది. 2016లో జాంబియా, టాంజానియాల నుంచి వచ్చిన పరిశోధనల్లో ఆ లాభం కనిపించలేదు. 2022 నాటి సిఫారసు ప్రకారం శుభ్రంగా, పొడిగా ఉంచడమే పద్ధతి. బొడ్డుకి పేడలాంటివి రాసే అలవాటున్న చోట మాత్రమే క్లోర్‌హెక్సిడిన్ వాడాలి. ఎందుకంటే అక్కడ అది ఆ పేడ స్థానంలోకి వస్తుంది.

అంటే అత్తగారి ఆలోచన మూఢనమ్మకం కాదు. పురిటి గదిలో శుభ్రతకి భరోసా లేని రోజుల్లో పుట్టిన జాగ్రత్త అది. భరోసా ఉన్న ఆస్పత్రిలో పుట్టిన పిల్లకి దాని అవసరం లేదు, పైగా పసి చర్మానికి మంట. ఇది వివరంగా చెప్తే ఆవిడ విని, "అయితే చేతులు కడుక్కోవడం మాత్రం మానకండి" అన్నారు. చూడ్డానికి వచ్చిన స్నేహితులెవరినీ సబ్బుతో చేతులు కడుక్కోనిదే పిల్లని ఎత్తుకోనివ్వలేదు. సెమ్మెల్‌వైస్ పేరు ఆవిడ వినలేదు గాని, ఆయన చెప్పిన పనే చేశారు.

డైపర్‌ని బొడ్డు కిందికి మడిచాం, ఊడేదాకా తడిగుడ్డతో ఒళ్ళు తుడిచాం. బొడ్డు చుట్టూ ఎర్రబడినా, చీము, వాసన వచ్చినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా వెంటనే ఫోన్ చెయ్యమని డాక్టర్ చెప్పారు. ఆ అవసరం రాలేదు. పన్నెండో రోజున ఊడిపోయింది. "ఏమీ రాయకుండానే ఊడిందే!" అని అత్తగారు ఆశ్చర్యపోయారు.

ఆ డెటాల్ సీసా నేల తుడిచే బకెట్ పక్కకి చేరింది. అమ్మాయి పాకడం మొదలుపెట్టాక పై అరకి ఎక్కించి తాళం పెట్టాం. మీ ఇంట్లో చంటిపిల్లలుంటే మీరూ అదే చెయ్యండి. ఎవరైనా పొరపాటున ఇలాంటివి తాగితే బలవంతంగా వాంతి చేయించకండి, పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చెయ్యండి: 1-800-222-1222. అమెరికా అంతటా ఇదే నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. స్పృహ తప్పినా, ఊపిరి అందకపోయినా 911. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి కూడా చూపించండి.